"ఎవరూ ఎందుకు వెళ్లట్లేదు?": విదేశాల్లో సంక్షోభం వచ్చినప్పుడు సైన్యాల లెక్క వేసుకోవడం ఎలా

సూడాన్ గురించో హైతీ గురించో వార్త ఫోన్‌లో కనబడగానే మా బరంపురం వైపు పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు మొదట అడిగేది ఒకటే: ఇంతమంది చచ్చిపోతుంటే ప్రపంచమంతా చూస్తూ కూర్చుందేమిటి? దీనికి రెడీమేడ్ జవాబులు రెండు తిరుగుతుంటాయి. "అక్కడ చమురు లేదుగా, ఎవడెళ్తాడు" అన్నది ఒకటి (సూడాన్‌లో చమురుందన్న సంగతి ఈ జవాబు చెప్పేవాళ్లకి ఎప్పుడూ గుర్తుండదు). "అంతా రాజకీయమే" అన్నది రెండోది. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ మూడో కారణం ఒకటుంది, దాని జోలికి ఎవరూ వెళ్లరు: పంపాల్సిన సైన్యం, అంతకంటే ముఖ్యంగా దాని హెలికాప్టర్లూ విమానాలూ, అప్పటికే ఇంకెక్కడో ఇరుక్కుపోయి ఉండటం. ఇది నిజంగా కారణమా, లేక పైకి చెప్పే సాకా అన్నది వార్త చదివేవాళ్లు చాలావరకు సొంతంగానే తేల్చుకోవచ్చు. దానికి పెద్ద చదువేం అక్కర్లేదు, ఏం వెతకాలో తెలిస్తే చాలు.

ముందు మన జిల్లా లెక్క చూడండి

2024 ఎన్నికలు గుర్తు తెచ్చుకోండి. బరంపురం, కోరాపుట్, నవరంగపూర్, కలహండి సీట్లకు మే 13న పోలింగ్ అయింది, మిగతా ఒడిశాకు మే 20, 25, జూన్ 1. సరిహద్దు దాటితే ఆంధ్రాలో, తెలంగాణలో అదే మే 13. మహారాష్ట్ర కొసన గడ్చిరోలి-చిమూర్‌లో అయితే ఏప్రిల్ 19నే అయిపోయింది. దేశమంతా ఒకే రోజు పెట్టేస్తే పోలేదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. పెట్టలేరు, ఎందుకంటే అన్ని బూత్‌ల దగ్గరా ఒకేసారి నిలబెట్టడానికి కేంద్ర బలగాల కంపెనీలు సరిపోవు. ఇక్కడ పని ముగించుకుని, రైలెక్కి, ఇంకో రాష్ట్రంలో దిగి, అక్కడ మళ్లీ డ్యూటీ చేయాలి. పుస్తకంలో రాసుకున్న మొత్తం సంఖ్య పెద్దదే, కానీ ఫలానా రోజున ఫలానా చోట నిలబడగలిగేవాళ్ల సంఖ్య వేరు. ఈ ఒక్క తేడా బుర్రలోకి ఎక్కించుకుంటే సగం పని అయిపోయినట్టే, ప్రపంచం సంగతి కూడా ఇంతే, కాకపోతే అక్కడ దశలవారీగా చేద్దాం ఆగండి అంటే హంతకులు ఆగరు.

మొత్తం సైన్యాన్ని కాదు, ఖాళీగా ఉన్న సైన్యాన్ని లెక్కపెట్టండి

అమెరికాకు ఇన్ని లక్షల సైన్యం, బ్రిటన్‌కు ఇంత అని చదివి వదిలేయకండి. ఒక దళం విదేశంలో డ్యూటీ మీద ఉందంటే, దాని వెనక ఇంకో దళం వెళ్లడానికి శిక్షణలో ఉంటుంది, మూడోది అప్పుడే తిరిగొచ్చి సెలవుల్లోనో, పాడైన బళ్లు బాగుచేసుకుంటూనో ఉంటుంది. కాబట్టి సుమారుగా, బయట వెయ్యిమందిని ఏళ్ల తరబడి ఉంచాలంటే మూడువేల మంది కావాలి. 2007లో ఇరాక్‌లో అమెరికా సైనికులు సుమారు 1,70,000 దాకా పెరిగారు, అఫ్గానిస్తాన్‌లో ఇంకో 25,000 మంది. అప్పటి అమెరికా ఆర్మీ రెగ్యులర్ సైనికులు 5 లక్షల పైచిలుకు. మూడుతో గుణించి చూడండి. మెరైన్లు, రిజర్వులు కలుపుకున్నా ఏం మిగిలిందో మీకే కనబడుతుంది.

ఖాళీ లేదని తెలుసుకోవడానికి మంచి గుర్తు ఒకటుంది, ఇది వార్తల్లో తేలిగ్గానే దొరుకుతుంది. సైనికుల డ్యూటీ కాలం పొడిగించారా? 2007 ఏప్రిల్‌లో అమెరికా ఆర్మీ ఇరాక్, అఫ్గాన్ డ్యూటీని 12 నెలల నుంచి 15 నెలలకు పెంచింది. ఇష్టమై ఎవరూ అలా పెంచరు. బదులుగా పంపేవాళ్లు లేకపోతేనే పెంచుతారు. ఏ దేశమైనా ఇలా చేసిందంటే ఇంకో పెద్ద పనికి చేయి ఖాళీ లేదనే అర్థం, మంత్రులు మైకుల ముందు ఏం మాట్లాడినా సరే.

ఈ ఇబ్బంది విదేశాలకే పరిమితం కాదు. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు లూసియానా నేషనల్ గార్డ్ (రాష్ట్రం చేతిలో ఉండే రిజర్వు సైన్యం) బ్రిగేడ్ ఒకటి, సుమారు 3 వేల మంది, బాగ్దాద్‌లో ఉన్నారు. సొంత ఊళ్లు నీళ్లలో ఉంటే వాళ్లు ఇరాక్‌లో కాపలా. అయితే ఇక్కడో మాట చెప్పాలి, కత్రినా వైఫల్యానికి ఇదే ముఖ్య కారణమని ఎవరైనా అంటే నమ్మకండి. వేరే రాష్ట్రాల గార్డులు వేల సంఖ్యలో వచ్చారు, ఆలస్యంగా వచ్చారు, ఆ ఆలస్యంలో పాలనా గందరగోళం పాత్రే ఎక్కువ. సైన్యం ఇరుక్కుపోవడం నష్టాన్ని పెంచుతుంది, ప్రతి నష్టానికీ అదే మూలం కాదు.

మనుషుల కంటే ముందు హెలికాప్టర్లు

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. పేపర్లు ఎప్పుడూ "ఇన్ని వేలమంది సైనికులు" అనే రాస్తాయి, కానీ సంక్షోభంలో ముందు కరువొచ్చేది మనుషులకు కాదు, వాళ్లను మోసేవాటికి.

సూడాన్ పడమటి ప్రాంతం దార్ఫుర్ తీసుకోండి. 2003లో మొదలైన మారణకాండకు 2007 జూలై 31న భద్రతా మండలి తీర్మానం చేసింది: ఆఫ్రికన్ యూనియన్, ఐక్యరాజ్యసమితి కలిసి 19,555 మంది వరకు సైనికులను, 6,432 మంది వరకు పోలీసులను పంపుతాయని. వినడానికి పెద్ద సంఖ్యే. ఇప్పుడు మ్యాప్ తీయండి. దార్ఫుర్ వైశాల్యం సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు, మన ఒడిశా లక్షా యాభై ఐదు వేలు. అంటే మూడు ఒడిశాలకు పైన. అందులో తారు రోడ్లు దాదాపు లేవు. సామాను దిగేది ఎర్ర సముద్రం ఒడ్డున పోర్ట్ సూడాన్‌లో, అక్కడి నుంచి దార్ఫుర్‌కు సుమారు 2 వేల కిలోమీటర్లు లారీల మీద రావాలి. వానాకాలం వస్తే వాగులన్నీ నిండి దారులు తెగిపోతాయి. మోటు దగ్గర శబరి పొంగి మల్కాన్‌గిరి హైవే మీద నీళ్లెక్కినప్పుడు అవతలి ఊళ్ల పరిస్థితేమిటో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఒక క్యాంపు మీద దాడి జరుగుతోందని కబురొస్తే, హెలికాప్టర్ లేని సైనికుడు మర్నాడో ఎల్లుండో చేరతాడు, చేరి శవాలు లెక్కపెడతాడు.

అందుకే ఐక్యరాజ్యసమితి 24 హెలికాప్టర్లు అడిగింది, 18 రవాణావి, 6 పోరాటానికి పనికొచ్చేవి. అడిగింది ఎవరిని? ప్రపంచంలో వందలకొద్దీ సైనిక హెలికాప్టర్లున్న దేశాలన్నిటినీ. నెలలు గడిచాయి, ఏడాది గడిచింది, ఇంకో ఏడాది గడిచింది. నాటో దేశాల మంచి హెలికాప్టర్లు అఫ్గాన్ కొండల్లో, ఇరాక్‌లో తిరుగుతున్నాయి. అక్కడ కూడా చాలట్లేదని వాళ్ల కమాండర్లే గోల. బ్రిటన్‌లో అయితే అఫ్గాన్‌లోని హెల్మాండ్‌లో తమ సైనికులకే హెలికాప్టర్లు లేవని పార్లమెంటులో గొడవ నడిచింది. చివరికి 2010లో ఇథియోపియా ఇచ్చిన 5 వచ్చాయి. ఆ మిషన్ 2008 జనవరి నాటికి పని మొదలుపెట్టింది సుమారు 9 వేల మందితో. వాళ్లలోనూ ఎక్కువమంది అంతకుముందు ఆఫ్రికన్ యూనియన్ తరఫున అక్కడే ఉన్నవాళ్లు, ఆకుపచ్చ టోపీ తీసి నీలం టోపీ పెట్టుకున్నారంతే. న్యాయంగా ఇంకో సంగతీ చెప్పాలి: ఖార్టూమ్‌లోని సూడాన్ ప్రభుత్వం కూడా ఆఫ్రికా బయటి దళాలను రానివ్వలేదు, నార్వే స్వీడన్ ఇంజినీర్లు సిద్ధమైనా వద్దంది. ఒక తలుపు లోపల్నుంచి వేశారు, రెండోదానికి తాళం వేసినవాళ్లు బయట ఉన్నారు.

ఇప్పుడు మన సరిహద్దు జిల్లాల దగ్గరికి వస్తా, ఎందుకంటే ఈ కథలో మనం ప్రేక్షకులం మాత్రమే కాదు. ఐక్యరాజ్యసమితి మిషన్లకు హెలికాప్టర్లు ఇచ్చిన కొద్ది దేశాల్లో భారత్ ఒకటి. కాంగోలో మన వాయుసేన మి-35లు, మి-17లు ఏళ్ల తరబడి పనిచేశాయి, సూడాన్‌లోనూ మి-17లు ఉండేవి. ఆ రోజుల్లోనే ఇక్కడ ఏం జరుగుతోంది? 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద దాడి, గ్రేహౌండ్స్ వాళ్లతో సహా 38 మంది చనిపోయారు. 2010 ఏప్రిల్ 6న మల్కాన్‌గిరికి ఆనుకుని ఉన్న దంతెవాడలో 76 మంది. గాయపడ్డవాళ్లను అడవిలోంచి తీసుకురావాలన్నా, చిత్రకొండ అవతల జలాశయం నీళ్లతో తెగిపోయిన కటాఫ్ ఏరియాకు బలగాన్ని చేర్చాలన్నా (గురుప్రియ వంతెన 2018లో గానీ రాలేదు) హెలికాప్టరే దిక్కు. ఆ డిమాండ్ పెరిగింది. 2010-11లో భారత్ తన హెలికాప్టర్లను కాంగో, సూడాన్ మిషన్ల నుంచి వెనక్కి రప్పించుకుంది, దేశంలో అవసరాలున్నాయని చెప్పింది, ఆ అవసరాల్లో నక్సల్ ప్రాంతాలూ ఉన్నాయి. కాంగోలో మిషన్ అధికారులు మొత్తుకున్నారు. తప్పుబట్టాలా? నేనైతే తప్పుబట్టను, జయపురం మీదుగా మి-17 చప్పుడు విన్నవాళ్లెవరూ తప్పుబట్టరనుకుంటా. కానీ తూర్పు కాంగోలో ఒక ఊరివాళ్లు "ఎవరూ ఎందుకు రాలేదు" అని అడిగితే, దానికి జవాబులో కొంత భాగం మన అడవుల్లో ఉంది. ఈ లెక్క ఎంత దగ్గరగా తగులుతుందో చెప్పడానికే ఇంత వివరంగా రాశాను.

కాంగోకు ఇంకోసారి ఇదే జరిగింది. 2022లో రష్యా దండెత్తగానే ఉక్రెయిన్ తన శాంతి పరిరక్షకులను వెనక్కి పిలిచింది. కాంగోలో ఆ దేశానివి సుమారు 250 మంది, 8 హెలికాప్టర్లు, మిషన్‌లో ఉన్న సైనిక హెలికాప్టర్లలో అవి చిన్న భాగమేమీ కాదు. అదే ఏడాది జూన్‌లో తూర్పు సరిహద్దు పట్టణం బునగానాను ఎం23 తిరుగుబాటుదారులు పట్టుకున్నారు. హెలికాప్టర్లు పోయినందుకే ఊరు పోయిందని నేననట్లేదు. యూరప్‌లో యుద్ధం మొదలైతే ఆఫ్రికాలో ఎలా తగులుతుందో చూడమంటున్నానంతే. అదే యుద్ధం మొదట్లో కీవ్ పక్కన హోస్టోమెల్ విమానాశ్రయంలో ఆన్-225 అనే ప్రపంచంలోకెల్లా పెద్ద సరుకు విమానం ధ్వంసమైంది, రష్యా కంపెనీల ఆన్-124లకు ఆంక్షలు తగిలాయి. భూకంపాలకు, కరవులకు పెద్ద సామాను మోయడానికి అద్దెకు దొరికేవి ఇలాంటి విమానాలే.

మంజూరైన సంఖ్య, దిగిన సంఖ్య

ఐక్యరాజ్యసమితికి సొంత సైన్యం లేదు. సభ్యదేశాలు బలగాలను ముందే రాసిస్తాయని చార్టర్‌లో 43వ అధికరణం ఉంది గానీ, దాని కింద ఒక్క ఒప్పందమూ కుదరలేదు. ప్రతిసారీ కొత్తగా అడుక్కోవాలి. కాబట్టి "భద్రతా మండలి ఇన్ని వేలమందికి ఆమోదం" అన్న హెడ్డింగ్ చూడగానే సంతోషపడకుండా, మూడు నెలల తర్వాత ఎంతమంది దిగారో చూడండి. ఏ దేశం ఎంతమందిని పంపిందో ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక విభాగం తన వెబ్‌సైట్‌లో పట్టిక పెడుతుంది, ఫోన్‌లోనే దొరుకుతుంది.

బోస్నియాలో 1993లో ఆరు పట్టణాలను "సురక్షిత ప్రాంతాలు" అని ప్రకటించారు. వాటిని కాపాడాలంటే 34 వేలమంది కావాలని సెక్రటరీ జనరల్ చెప్పారు, సభ్యదేశాలు 7,600 మందితో సరిపెట్టాయి. ఆ ఆరింట్లో ఒకటి స్రెబ్రెనిత్సా. 1995 జూలైలో అక్కడ కొన్ని వందల మంది డచ్ సైనికులు చూస్తుండగా ఊరు పోయింది, 8 వేలమందికి పైగా మగవాళ్లను, మగపిల్లలను చంపేశారు. అంకెలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి, 34 వేలు, 7,600. సురక్షితం అన్న మాట వినడానికి బాగుంటుంది, దాని వెనక నిలబడే మనుషులు లేకపోతే జనాన్ని ఒకచోట పోగుచేసినట్టే అవుతుంది.

పట్టిక చూస్తే ఇంకోటి కూడా కనబడుతుంది. పైన ఉండే పేర్లు నేపాల్, రువాండా, బంగ్లాదేశ్, భారత్. ఓటేసేది ఒకళ్లు, వెళ్లేది ఇంకొకళ్లు. 2018లో ఒక్కో సైనికుడికి నెలకు 1,428 డాలర్ల చొప్పున ఐక్యరాజ్యసమితి ఆ దేశాలకు ఇచ్చేలా రేటు నిర్ణయించారు. 2024లో ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాల మీద పెట్టిన ఖర్చు సుమారు 2.7 లక్షల కోట్ల డాలర్లు, 2024-25 శాంతి పరిరక్షక బడ్జెట్ 560 కోట్ల డాలర్లు. శాతం కట్టుకోండి, 0.2 దగ్గర ఆగుతుంది. ఆ కాస్తా కూడా టైముకి కట్టరు.

నిజమా, సాకా? తేల్చే పరీక్ష

ఇంతవరకు చదివి "పాపం, సైన్యాలు ఖాళీగా లేవు కదా" అని జాలిపడిపోకండి. ప్రభుత్వాలకు ఈ మాట మహా సుళువు. అందుకే ఒక పరీక్ష పెట్టండి: ఆ దేశం తన పౌరులను అక్కణ్నుంచి తెచ్చుకోవడానికి ఎవరినైనా పంపిందా? ఎన్ని రోజుల్లో పంపింది?

రువాండా 1994. మారణహోమం మొదలయ్యేనాటికి అక్కడ సుమారు 2,500 మంది శాంతి పరిరక్షకులున్నారు. ఏప్రిల్ 7న పదిమంది బెల్జియం సైనికులను చంపేశారు, బెల్జియం వెళ్లిపోయింది, ఏప్రిల్ 21న భద్రతా మండలి బలగాన్ని 270కి తగ్గించింది. అప్పటికి ప్రపంచంలో 70 వేలమంది దాకా నీలం టోపీల వాళ్లున్నారు, అందులో పెద్ద వాటా ఒక్క బోస్నియా, క్రొయేషియా వైపే. ఆరు నెలల ముందు సోమాలియాలో 18 మంది సైనికులను పోగొట్టుకున్న అమెరికాకు ఆఫ్రికా పేరెత్తితే భయం. మే 17న మళ్లీ 5,500 మందికి మంజూరు చేశారు, జూలై చివరికి కూడా అక్కడున్నది 550 మందే. ముందుగానే దళాలు సిద్ధంగా ఉంచుతామని మాటిచ్చిన 19 దేశాల్లో ఒక్కటీ పంపలేదు. సుమారు వంద రోజుల్లో 8 లక్షల మంది దాకా చనిపోయారు.

ఇక్కడ ఆగిపోతే, ఇరుక్కుపోయిన సైన్యాల కథలాగే ఉంటుంది. కానీ ఏప్రిల్ 9 నుంచే ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీ వెయ్యిమందికి పైగా సైనికులను కిగాలీలో దించాయి. ఎందుకు? తెల్లవాళ్లను, తమ ఎంబసీ సిబ్బందిని ఎక్కించుకుని వెళ్లిపోవడానికి. అమెరికా మెరైన్లు 300 మంది పక్కనే బురుండి దాకా వచ్చారు. అంటే మనుషులున్నారు, విమానాలున్నాయి, రన్‌వే పనిచేస్తోంది. వాళ్లు అక్కడే ఆగి ఉంటే కథ వేరుగా ఉండేదని అప్పటి ఐక్యరాజ్యసమితి కమాండర్ రోమియో డల్లైర్ తర్వాత పదేపదే చెప్పారు. పరీక్షలో ఫెయిల్.

లైబీరియా 2003ది మధ్యరకం. ఇరాక్ యుద్ధం మొదలై అప్పటికి నాలుగైదు నెలలు. రాజధాని మన్రోవియా మీద మోర్టార్లు పడుతుంటే జనం శవాలను అమెరికా ఎంబసీ గేటు ముందు పేర్చారు. నౌకల్లో 2 వేలమందికి పైగా మెరైన్లు తీరం దగ్గరికొచ్చారు, ఒడ్డుకు దిగింది 200 మంది దాకా, అది కూడా కొద్ది రోజులకే. ఊళ్లో నిలబడింది నైజీరియా సైనికులు. ఇరాక్ లేకపోయినా అమెరికా పెద్దగా దిగేదా అంటే నాకు అనుమానమే, కానీ ఇరాక్ ఉండటంతో అడిగేవాళ్ల నోరు తేలిగ్గా మూతపడింది.

మన దేశాన్నీ ఇదే పరీక్షకు పెట్టాలి మరి. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఆపరేషన్ కావేరి కింద నౌకలు పోర్ట్ సూడాన్‌కు వెళ్లాయి, వాయుసేన సీ-130జే ఒకటి రాత్రిపూట లైట్లు కూడా లేని చిన్న రన్‌వే మీద దిగి మనవాళ్లను ఎక్కించుకొచ్చింది, మొత్తం దాదాపు 4 వేలమందిని తెచ్చారు. అద్భుతమైన పని. అన్ని దేశాలూ తమవాళ్లను తీసుకెళ్లాక సూడాన్ వార్తల్లోంచి పోయింది. ఆ డిసెంబరులో అక్కడున్న ఐక్యరాజ్యసమితి రాజకీయ మిషన్‌ను కూడా సూడాన్ ప్రభుత్వం కోరిందని ముగించేశారు. దార్ఫుర్ మిషన్ 2020 చివరికే అయిపోయింది. 2023 యుద్ధం మొదలయ్యాక ఇళ్లు వదిలినవాళ్లు కోటికి పైనే.

సైన్యం ఉన్నా పనికిరాని సందర్భాలు

2008 మే మొదట్లో నర్గీస్ తుపాను మయన్మార్‌లో లక్షా ముప్పై వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. అమెరికా నౌకలు, ఫ్రాన్స్ నౌక ఒకటి, హెలికాప్టర్లతో, మందులతో తీరం బయట వారాల తరబడి నిలబడ్డాయి. అక్కడి సైనిక ప్రభుత్వం రానివ్వలేదు, చివరికి అవి వెళ్లిపోయాయి. ఇలాంటిచోట "సైన్యాలన్నీ ఇరాక్‌లో ఉన్నాయి కాబట్టి" అని రాస్తే మార్కులు రావు, రాకూడదు కూడా. అనుమతి ఎవరిది, ఇచ్చారా అన్నది ఎప్పుడూ విడిగా చూసుకోండి.

తిరగబడే ఉదాహరణ కూడా ఉంది. 2005 అక్టోబరు 8న పాకిస్తాన్ వైపు కాశ్మీర్‌లో భూకంపం వస్తే అమెరికా చినూక్ హెలికాప్టర్లు ఒకట్రెండు రోజుల్లో దిగాయి, ఎందుకంటే పక్కనే అఫ్గాన్‌లో యుద్ధంలో ఉన్నాయి. యుద్ధమే దగ్గర చేసింది. అంతకుముందు 2004 డిసెంబరు సునామీకి కూడా విమానవాహక నౌక అబ్రహం లింకన్ హాంకాంగ్ వైపు ఉండబట్టి ఇండోనేషియాలోని ఆచే తీరానికి త్వరగా చేరింది. కాబట్టి ఎంత సైన్యం బయట ఉంది అన్నదొక్కటే కాదు, సంక్షోభానికి ఏ వైపున ఉంది, అక్కడ నాలుగు రోజులు పని వదిలి రాగలదా అన్నది కూడా అడగాలి. భూకంపం పని వారాల్లో తేలుతుంది. అంతర్యుద్ధంలో జనాన్ని కాపాడటం ఏళ్ల పని, పైన చెప్పిన మూడింతల లెక్క అక్కడే మెడకు చుట్టుకుంటుంది.

సైన్యం వెళ్లడమే మేలని కూడా అనుకోవద్దు. సహాయ సంస్థలు పాటించే ఓస్లో మార్గదర్శకాలు సైనిక వనరులను చివరి మార్గంగానే వాడమంటాయి. బియ్యం పంచడానికి లారీ దొరికితే హెలికాప్టర్ వాడటం దండగ, పైగా తుపాకీ పట్టుకున్నవాడు పంచితే అవతలి పక్షం దాన్ని సాయంగా చూడదు. ఇదంతా మనకు కొంత తెలిసిందే. 1999 సూపర్ సైక్లోన్‌లో 10 వేలమంది దాకా పోయాక ఒడిశా తన సొంత విపత్తు సహాయ దళం ఓడ్రాఫ్‌ను పెట్టుకుంది, 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటేలోపు సుమారు 10 లక్షల మందిని ఖాళీ చేయించింది. బయటి సైన్యం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే అవసరం ఎంత తగ్గిందో గంజాం వాళ్లకి తెలుసు.

హైతీ మీద ప్రాక్టీసు చేయండి

2010 భూకంపానికి అమెరికా సుమారు 22 వేలమందిని పంపింది. 2023 నాటికి రాజధాని గ్యాంగుల చేతుల్లోకి పోతుంటే మాత్రం మేం రాము, డబ్బిస్తాం అంది. అఫ్గాన్ నుంచి అప్పటికే వచ్చేసింది, ఇరాక్‌లో మిగిలింది సుమారు 2,500 మందే, కాబట్టి సైన్యం లేక కాదు, ఇష్టం లేక. సరే, ముందుకొచ్చింది ఎవరు? కెన్యా, అదీ సైనికులతో కాదు, పోలీసులతో. కెన్యా సైన్యం 2011 నుంచి సోమాలియాలో ఉంది. 2023 అక్టోబరు 2న మండలి ఒప్పుకుంది, 2024 జూన్ 25న మొదటి విమానం దిగింది, మధ్యలో దాదాపు తొమ్మిది నెలలు. లక్ష్యం 2,500 మంది, 2025 మొదట్లో ఉన్నది వెయ్యి మంది. 2025 సెప్టెంబరు చివర్లో దాన్ని 5,500 మంది బలగంగా మార్చాలని ఇంకో తీర్మానం. ఇక్కడ మంజూరెంత, దిగిందెంత, మోసేవి ఎవరివి, ఎవరు తప్పించుకున్నారు అని మీ నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకుంటే, టీవీ చర్చలో అరగంట అరిచేవాళ్లకంటే మీకే ఎక్కువ తెలుస్తుంది.

"మరి మన సైన్యాన్ని పంపొచ్చుగా" అని మీ గ్రూపులో ఎవరో ఒక అన్న అంటాడు. కోప్పడకండి, లెక్కలోకి దింపండి. భారత్ ఐక్యరాజ్యసమితి జెండా కిందైతే వెళ్తుంది, దక్షిణ సూడాన్‌లో, కాంగోలో, లెబనాన్‌లో 2025లో కూడా మనవాళ్లున్నారు. భూకంపమైతే పిలవగానే వెళ్తుంది, 2023లో తుర్కియేకు, 2025 మార్చిలో మయన్మార్‌కు వెళ్లినట్టు. ఇలాంటి పనుల్లో బరువు మోసేది ముఖ్యంగా సీ-17 విమానాలు. మన దగ్గర ఉన్నవి 11. బోయింగ్ 2015లోనే వాటి తయారీ ఆపేసింది కాబట్టి డబ్బున్నా కొత్తవి దొరకవు. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత 68 వేలమందికి పైగా సైనికులను, ట్యాంకులతో సహా, లద్దాఖ్‌కు మోయడంలో వాయుసేన ఇలాంటి పెద్ద విమానాలనే వాడింది. పంపొచ్చుగా అన్న అన్నను ఒక్కటి అడగండి: ఎక్కడికి, ఎన్నాళ్లకి, ఆ పదకొండులో ఏ ఏ విమానాలను ఏ పని మీంచి తప్పించి?